చేను ఎవరిది, పాపం ఎవరిది

డిగ్రీలో చేరిన పిల్లలు బీకామ్ అయినా బీఎస్సీ అయినా పర్యావరణ పాఠం చదివి తీరాలి. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఈ చదువు తప్పనిసరి అంది. అమలు అంతంతమాత్రంగా ఉందని 2003 డిసెంబరులో మరోసారి గట్టిగా ఆదేశించాక యూజీసీ ఆరు నెలల సిలబస్ కాలేజీలకు చేరింది. అప్పటి నుంచి గుంటూరులో, ఒంగోలులో, నరసరావుపేటలో, చీరాలలో ఈ పాఠం నడుస్తూనే ఉంది. ఆ కాలేజీలకు వచ్చే బస్సు కిటికీల్లోంచి పత్తి, మిరప చేలు కనిపిస్తుంటాయి. మనిషి ప్రకృతిని ఏం చేశాడు, తిరిగి తనకు ఏం జరిగింది అన్నదానికి దేశంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణలు ఎక్కువ లేవు. పాఠమూ చేనూ మాత్రం ఒకదాన్నొకటి పలకరించుకోవు.

ఆ పలకరింపు కోసమే ఈ సంవాదం. మాట్లాడే ఇద్దరూ కల్పితులు. ఆమె చిలకలూరిపేట వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చెబుతుంది. ఆయన ఆమె మేనమామ. పర్చూరు వైపు నల్లరేగడిలో రెండెకరాలు సొంతం, ఆరెకరాలు కౌలు. వాళ్ల వాదనలు మాత్రం ఈ నేల మీద రోజూ వినిపించేవే.

మేనమామ: నీ పుస్తకం తిరగేశానమ్మాయ్. మానవుడు అడవులు నరికాడు, మానవుడు నేలలో విషం పోశాడు, మానవుడు నీళ్లు పాడుచేశాడు. ఏ పేజీ తీసినా మానవుడే. ఊరూ పేరూ లేని ఆ మానవుడెవరు? నేనేనా?

మేనకోడలు: నువ్వు కూడా, మావయ్యా. నిన్న మిరపలో మూడు మందులు ఒకే పంపులో కలిపి కొట్టించావు. డబ్బా మీద ఏం రాసుందో నువ్వు చదవలేదు, కొట్టిన కుర్రాడు చదవలేదు. వాడి కాళ్లకు చెప్పులు లేవు, ముక్కుకు గుడ్డ లేదు. 2017లో యవత్మాళ్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లూ ఇలాగే కొట్టారు.

మేనమామ: చదవడానికి ఆ అక్షరాలు కనపడితే కదా. కలపమన్నది మందుల కొట్టువాడు. పైముడతకి ఒకటి, కిందముడతకి ఒకటి, పూత నిలబడ్డానికి ఒకటి. మూడుసార్లు కొట్టిస్తే మూడు కూలీలు. కలిపితే ఒకటి. ఈ లెక్క నీ పుస్తకంలో ఉందా?

మేనకోడలు: లేదు. కానీ కలపడం వల్ల ఏమవుతుందో ఉంది.

మేనమామ: అయితే మొదట్నుంచీ చెబుతా, విను. మా నాన్న రోజుల్లో ఈ రేగట్లో జొన్న, కంది, వరిగ, కొంచెం మిరప, ఆ పక్క పొగాకు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది. కుడి కాలువ కింద గుంటూరు, ఒంగోలు మెట్టలు తడిశాయి. ఆ తర్వాత పత్తి. 1972లో వచ్చిన వరలక్ష్మి హైబ్రిడ్ పేరు ఇప్పటికీ ముసలాళ్ల నోళ్లలో ఉంది. పొడుగు పింజ, మంచి ధర. వెయ్యమన్నది ఎవరు? వ్యవసాయ శాఖ. అప్పిచ్చింది బ్యాంకు. మందు ఏ రోజు కొట్టాలో రేడియోలో చెప్పారు. చెప్పినట్టే చేశాను. ఇప్పుడు మీ పిల్లలు పరీక్షలో నన్ను కాలుష్య కారకుడని రాస్తారు.

మేనకోడలు: చెప్పినవాళ్ల తప్పు లేదని నేననను. కానీ 1980ల మొదట్లో కొత్త మందులొచ్చాక జరిగింది నీ కళ్లముందే జరిగింది కదా. సింథటిక్ పైరిథ్రాయిడ్లు. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్.

మేనమామ: ఎందుకు గుర్తులేదు! మొదటి ఏడాది కొడితే పురుగు రాలిపోయింది. నేలంతా పచ్చపురుగే. పక్క ఊళ్లవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. నాలుగైదేళ్లు తిరిగేసరికి తెల్లదోమ. ఆకు అడుగున పిండి చల్లినట్టు. చేలో నడిస్తే ముఖం మీదకి లేచేది. ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద మసి. పత్తి తీస్తే దూది కూడా నల్లగా అంటుకునేది.

మేనకోడలు: ఆ మందు తెల్లదోమను పెద్దగా చంపలేదు. దాన్ని తినే అక్షింతల పురుగును, అల్లిక రెక్క పురుగును, సాలీడును చంపింది. కాపలా పోయాక దోమకు అడ్డేముంది? ఇక పచ్చపురుగు. లక్ష పురుగుల్లో ఏ నాలుగో ఆ మందును తట్టుకునేవి పుట్టుకతోనే ఉంటాయి. మిగతావన్నీ చస్తే ఆ నాలుగూ జతకడతాయి. వాటి పిల్లలన్నీ తట్టుకునేవే. పైగా ఆ పురుగు పత్తి ఒక్కటే తినదు. పత్తి అయిపోతే కంది, కంది అయిపోతే శనగ, మధ్యలో మిరప, టమాటా. మన దగ్గర ఏడాది పొడవునా దానికి మేత, ఏడాది పొడవునా అదే మందు. ఇంతకంటే బాగా తట్టుకునే పురుగును పెంచాలనుకున్నా పెంచలేం.

మేనమామ: 87లో చూశాను. కాయలోంచి పురుగును తీసి, మందు కలిపిన నీళ్లలో వేశాను. కదులుతూనే ఉంది. ఇంకో మందు కలిపాను. కదులుతూనే ఉంది. ఇరవై సార్లు కొట్టినవాళ్లున్నారు, ముప్పై సార్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. అప్పటికి కొట్లో బాకీ పొలం విలువ దాటింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ మందే తాగి చనిపోయారమ్మా. పాడె మోసినవాళ్లలో నేనొకణ్ని. పదేళ్లకు వరంగల్ వైపు అదే కథ. నువ్వు పురుగు పుట్టుక గురించి చెబుతున్నావు. నేను మనిషి చావు గురించి చెబుతున్నాను.

మేనకోడలు: రెండూ ఒకటే కథ, మావయ్యా. విడదీసి చెప్పడమే మా పాఠంలో లోపం. అది ఒప్పుకుంటాను. కానీ నువ్వూ విడదీస్తున్నావు. ఎవరు చెప్పారు, ఎవరు అమ్మారు అని నువ్వు వెతుకుతుంటే పురుగు ఆగదు. ఎవరి సలహాతో కొట్టారో దానికి తెలియదు. ఆ రోజుల్లో దేశం మొత్తం సాగులో పత్తి ఐదు శాతం, పురుగుమందుల్లో పత్తిది దాదాపు సగం. ఆ సగంలో మన వాటా తక్కువ కాదు. ఆ మందుల్లో కొన్నిటి అవశేషాలు ఇప్పటికీ నేలలో, వాగులో, మన ఒంట్లో ఉన్నాయి.

మేనమామ: మరి ఆపమంటావు, అంతేగా?

మేనకోడలు: పెరూ దేశంలో కాన్యేటే అని ఒక లోయ ఉంది. సముద్రం పక్కన, అంతా పత్తే. 1949 నుంచి డీడీటీ, బీహెచ్‌సీ లాంటి మందులు విమానాలతో చల్లారు. విమానానికి అడ్డమని గట్ల మీద చెట్లు కూడా కొట్టేశారు. కొన్నేళ్లు దిగుబడి పెరిగింది. 1956 నాటికి సగం పంట పోయింది. అంతకుముందు పేరు కూడా వినని పురుగులు పంట మీద పడ్డాయి. అప్పుడు ఆ లోయ రైతుల సంఘం కూర్చుని ఆ మందులు మానేసింది. కార్శి పంట వద్దన్నారు, విత్తే తేదీలు కట్టడి చేశారు, మిత్ర పురుగుల్ని బయటినుంచి తెచ్చి వదిలారు. కొన్నేళ్లకే పంట నిలబడింది. మన దగ్గర 87కి ముప్పై ఏళ్ల ముందే ఇదంతా జరిగిపోయింది. అచ్చయిన పుస్తకాల్లో ఉంది. మనవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మేనమామ: ఆగు. సంఘం కూర్చుని మానేసింది అన్నావు. లోయ మొత్తం ఒకేసారి. అదే నేనడిగేది. నేనొక్కణ్ని మానేస్తే పక్క చేలో పురుగు గట్టు దాటి రాదా? దానికి గట్టేమిటి? ఈ ఊళ్లో నలభై మంది మిరప వేస్తే నలభై సలహాలు. ఊరు ఊరంతా ఒక మాట మీద నిలబడేలా చేసేవాడు ఒక్కడున్నాడా? ఒక్కొక్కడికి ఒక్కో డబ్బా అమ్మేవాళ్లు మాత్రం ఊరికి పదిమంది.

మేనకోడలు: అందరూ కలిసి చెయ్యాల్సింది వచ్చినప్పుడు మాత్రం చేశామా? బీటీ పత్తి 2002 మార్చిలో వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం కూడా ఇచ్చారు, చేను చుట్టూ వేయమని. అక్కడ బతికిన పురుగు, బీటీ తట్టుకున్న పురుగుతో జతకడితే తట్టుకునే గుణం పలచబడుతుందని. ఎంతమంది వేశారు? నువ్వు వేశావా?

మేనమామ: వేయలేదు. ఎందుకు వేయలేదో విను. ఆ వరసలు పురుగు కోసం. పురుగుకు దానం. సొంత పొలమైతే దానం చేయొచ్చు. కౌలు పొలంలో ఆ వరసలకీ నేనే కౌలు కడతాను. లాభం దేశానిది, వరస నాది. ఆ ఖర్చు విత్తనం ధరలో తగ్గించి ఉంటే వేసేవాణ్ని. తగ్గించలేరా? 2006లో మన రాష్ట్ర ప్రభుత్వమే విత్తన కంపెనీ మీద కేసు వేస్తే పదహారు పద్దెనిమిది వందలున్న ప్యాకెట్ ఏడువందల యాభైకి దిగింది. ప్రభుత్వం తలుచుకుంటే అవుతుందని అప్పుడే తెలిసింది. తలుచుకోనివే ఎక్కువ.

మేనకోడలు: పత్తిలో గులాబీ రంగు కాయపురుగు తిరిగొచ్చింది కదా చివరికి.

మేనమామ: వచ్చింది. పత్తి తగ్గించి మిరపకు మళ్లాను. అక్కడ నల్లతామర పురుగు ఎదురొచ్చింది.

ఇక్కడ సంవాదాన్ని కాసేపు ఆపాలి. ఆయన చెప్పిన దాన్ని దగ్గరగా చూడకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. పూతకొచ్చిన మిరప మొక్క దగ్గర కూర్చుని, ఒక పువ్వును తెల్లకాగితం మీద వేలితో తట్టండి. పుప్పొడితో పాటు ఆవగింజలో పదో వంతు కూడా లేని నల్లటి గీతలు రాలతాయి. ఒక్క క్షణం కదలవు, తర్వాత అన్ని వైపులా పరుగెడతాయి. పాత తామర పురుగు ఆకు మీద ఉండి ఆకును పైకి దోనెలా ముడిచేది. ఇది పువ్వులో కాపురం పెడుతుంది. పువ్వు రాలిపోతుంది, కాయ ఉండదు. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిన ఈ ఆగ్నేయాసియా పురుగు, 2021 చివర్లో గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం మిరప మీద ఒక్కసారిగా విరుచుకుపడింది. పూత మీదున్న తోటల్ని రైతులు ట్రాక్టర్లతో దున్నేశారు. ఎకరానికి లక్షల పెట్టుబడి పెట్టిన చేలవి.

మేనకోడలు: ఆ ఏడాది నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వాడండి, విచ్చలవిడిగా మందులు కొట్టొద్దు అని చెబుతూనే ఉన్నారు. వినలేదు. రెండు రోజులకోసారి కొట్టారు. పువ్వు లోపలున్న పురుగుకు మందు తగల్లేదు, పువ్వు బయట తిరిగే మిత్ర పురుగులకు తగిలింది. అది 1985 నాటి తెల్లదోమ కథే. నలభై ఏళ్లు పోయినా నేర్చుకోకపోతే, ఆ మానవుడు నువ్వు కాదని నేనెలా అననూ?

మేనమామ: నేర్చుకోలేదని ఎవరన్నారు? తెలుసు. మందు కొడుతున్నప్పుడే తెలుసు, ఇది పనిచేయదని. అయినా కొట్టాను. ఎందుకంటే కౌలు ముందే కట్టేశాను. కౌలుకు కాగితం లేదు. 2019 చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూమి ఆసామి సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందని ఆయన భయం. సంతకం లేదు, కార్డు లేదు, బ్యాంకు అప్పు లేదు. అప్పిచ్చేది మందుల కొట్టువాడే. డబ్బు ఇవ్వడు, డబ్బాలిస్తాడు. నేను కొట్టకుండా చేను పోయిందనుకో, ‘చెప్పిన మందు కొట్టలేదు, అందుకే పోయింది’ అని వచ్చే ఏడు ఖాతా తెరవడు. కొట్టి పోతే, ‘నీ ఖర్మ’ అని మళ్లీ తెరుస్తాడు. నేను కొట్టింది పురుగు కోసం కాదు, ఆ ఖాతా కోసం.

ఈ మాట దగ్గర నేను ఆయన పక్షమే. యూజీసీ ఆరు నెలల సిలబస్‌ను దగ్గర పెట్టుకుని చూశాను. సహజ వనరులున్నాయి, ఆవరణ వ్యవస్థలున్నాయి, జీవ వైవిధ్యం, కాలుష్యం, జనాభా అన్నీ ఉన్నాయి. ఆధునిక వ్యవసాయం వల్ల వచ్చే చెడు, ఎరువులు పురుగుమందుల సమస్య అని కూడా ఒక చోట ఉంది. కౌలు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అప్పు అన్న మాటా లేదు. పర్చూరులోనో ప్రత్తిపాడులోనో ఒక ఎకరంలోకి ఎంత విషం దిగుతుందో నిర్ణయించేది ఈ రెండే అయినప్పుడు, ఇవి లేని పాఠం మన పిల్లలకు సగం పాఠమే. రైతుకు తెలియక కొడుతున్నాడు, చెబితే మానేస్తాడు అన్న నమ్మకం మీద మన అవగాహనా సదస్సులన్నీ నడుస్తున్నాయి. తెలిసి కొట్టే రైతు వాటిలో ఎక్కడా కనిపించడు.

అయితే ఆమె వాదన అక్కడితో ఓడిపోలేదు.

మేనకోడలు: మరి మానేసి నిలబడినవాళ్ల మాటేమిటి? ప్రకృతి వ్యవసాయం నడిపే రైతు సాధికార సంస్థ ఆఫీసు మన గుంటూరులోనే ఉంది. 2016 నుంచి లక్షల మందిని కదిలించారు. ఊళ్లలో చెప్పేది ఆఫీసర్లు కాదు, పొదుపు సంఘాల ఆడవాళ్లు. ఘనజీవామృతం, వేప కషాయం, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం. వాళ్లకు కొట్లో ఖాతానే అక్కర్లేదు.

మేనమామ: చూశాను. కూరగాయలకి, సొంతంగా ఎకరం అరెకరం ఉన్నవాళ్లకి బాగుంది, కాదనను. కౌలు మిరప మాటేమిటి? నేలకు బలం రావడానికి మూడేళ్లు పడుతుందంటారు. పదకొండు నెలల కౌలుదారు మూడేళ్లు ఆగి ఎవరి నేలను బాగుచేస్తాడు? బాగుపడ్డాక ఆసామి కౌలు పెంచుతాడు. శ్రీలంక చూశావుగా. 2021లో ఎరువులు, మందులు ఒక్క కలంపోటుతో ఆపారు. వరి పోయింది, తేయాకు పోయింది, ఆ నవంబరుకే వెనక్కి తీసుకున్నారు.

మేనకోడలు: శ్రీలంక చేసింది నేనూ తప్పే అంటాను. రాత్రికి రాత్రి చేశారు. ఇండోనేషియా 1986లో ఇంకోలా చేసింది. వరిలో సుడిదోమ మందుల వల్లే పెరుగుతోందని తేలాక యాభై ఏడు మందుల్ని వరి మీద నిషేధించారు. మందుల సబ్సిడీ క్రమంగా తీసేశారు. రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి పురుగుల్ని లెక్కపెట్టడం నేర్పారు. ఏది తినేది, ఏది తినబడేది, ఎన్నుంటే ఆగొచ్చు, ఎన్నుంటే ఆగకూడదు. ఆ పద్ధతే మన దగ్గరికి పొలంబడిగా వచ్చింది.

మేనమామ: పొలంబడికి నేనూ వెళ్లాను. బాగా చెప్పారు. అక్షింతల పురుగును చంపకూడదని అక్కడే తెలిసింది. బడి అయిపోయాక ఇంటికొస్తే కొట్టువాడి ఫోను.

మేనకోడలు: అందుకే పాఠం మార్చాలంటాను, మావయ్యా. నువ్వేమో పాఠమే దండగంటావు.

మేనమామ: నేను దండగంటున్నది మీరు చెప్పే తీరును. ప్రతి ఏడాదీ పిల్లల్ని బస్సెక్కించి ఉప్పలపాడు చెరువుకు తీసుకెళతారు. గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని చూపిస్తారు. మంచిదే, ఆ ఊరివాళ్లు ఆ పక్షుల్ని కాపాడుకుంటున్నారు. కానీ ఆ బస్సు ఒక్కసారైనా నా చేను వైపు వచ్చిందా? కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లో ఆగిందా?

మేనకోడలు: సిలబస్‌లో ఐదు గంటలు క్షేత్ర పని అని ఉంది. స్థానిక కాలుష్య ప్రదేశం చూడాలి, పట్టణమైనా, పరిశ్రమైనా, వ్యవసాయమైనా. మామూలు మొక్కలు, పురుగులు, పక్షులు గుర్తుపట్టాలి. రెండూ నీ చేలోనే అవుతాయి. ఒక ఎకరం ఇస్తావా? వారానికి రెండుసార్లు పిల్లలు వచ్చి పువ్వులు తట్టి లెక్కపెడతారు. తామర ఎన్ని, సాలీళ్లు ఎన్ని, అక్షింతలు ఎన్ని. ఆ లెక్క హద్దు దాటేదాకా నువ్వు పంపు ఎత్తకూడదు.

మేనమామ: సొంత పొలంలో అయితే ఇస్తాను. కౌలు దాంట్లో ఇవ్వను.

మేనకోడలు: సరే.

మేనమామ: నాదీ ఒక షరతు. పిల్లలు పురుగుల్ని ఒక్కటే లెక్కపెడితే కుదరదు. నా బాకీ పుస్తకం కూడా ఎక్కించుకోవాలి. ఏ తేదీన ఏ డబ్బా, ఎంత ధర, ఎంత వడ్డీ, ఎవరు చెబితే తెచ్చాను. మిరప యార్డులో ఎంతకు అమ్మాను, కమీషన్ ఎంత పోయింది. క్వింటా ఇరవై వేలు పలికిన రోజులూ రాయాలి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 ఇస్తామని ప్రకటించాల్సి వచ్చిన రోజూ రాయాలి. పురుగుల లెక్క ఒక పక్క, ఈ లెక్క ఒక పక్క.

మేనకోడలు: ఒకే పేజీలో రాయిస్తాను. తేదీ పక్కన తేదీ.

మేనమామ: మీ ప్రిన్సిపాల్ ఒప్పుకుంటాడా? ఇది పర్యావరణం కాదు, వ్యాపారం అంటాడేమో.

మేనకోడలు: ప్రాజెక్టుకి మార్కులేసేది నేనే. ఒప్పించే బాధ్యత నాది.

మేనమామ: ఆ ఎకరం పోతే?

మేనకోడలు: పోతే ఎంత పోయిందో, నీకు తప్ప ఇంకెవరికైనా పోయిందో కూడా ఆ రిపోర్టులోనే ఉంటుంది. దాన్ని వ్యవసాయ శాఖకూ ఇస్తాం, లాం పరిశోధనా ఫారానికీ ఇస్తాం. నష్టం నేను భరిస్తానని మాత్రం చెప్పలేను.

మేనమామ: చెప్పలేవని తెలుసు. మంగళవారం తీసుకురా పిల్లల్ని. ఎనిమిదింటికల్లా రావాలి, పది దాటితే కూలీలు కలుపుకు దిగుతారు. ఈలోపు ఆ ఎకరానికి పంపు పెట్టొద్దని కుర్రాడికి చెబుతాను.